తలుపు మీద వేపపూల లేసు

మా గచ్చిబౌలి ఫ్లాట్‌కు పడమటి గోడ లేదు, దాని స్థానంలో అద్దం ఉంది. కిటికీ రెక్క జానెడు మాత్రమే తెరుచుకుంటుంది. పద్నాలుగో అంతస్తు కాబట్టి భద్రత కోసమట. మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటికల్లా ఆ అద్దంలోంచి ఎండ దిగి గదులు పెనంలా కాలుతాయి. వసంతమంటే మా ఇంట్లో ఇదే.

ఆ ఎండను విరవడానికి చలికాలమంతా కూర్చుని బాల్కనీ తలుపుకు తెల్లని లేసు తెర అల్లాను. దారం మిగిలితే బల్ల మీదకు ఒక గుడ్డ, ఇంకా మిగిలితే వీధి తలుపుకు వేపపూల వరుస. మామిడాకుల తోరణం కట్టే అలవాటు మా ఇంట్లో లేదు. నా తగాదా పంచాంగంతోనే గానీ ఋతువుతో కాదు. ఉగాదికి మూడు వారాల ముందే ఆ వరుసను గంజిలో ముంచి, దుప్పటి మీద పరిచి, రేకురేకుకూ గుండుసూది గుచ్చి ఆరబెట్టి తలుపు మీద కట్టాను.

నేను పుట్టింది నరసాపురం దగ్గరి పల్లెలో. అక్కడ ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవారు. లేసు కొనే ఏజెంటు వచ్చే రోజు దగ్గరపడితే అమ్మ నన్ను తలుపు చాటున కూర్చోబెట్టి పువ్వులు అతకమనేది. మగపిల్లవాడు అల్లుతున్నాడని పక్కింటికి తెలియకూడదు. ఏడో తరగతిలో నా వేలి మీద దారం కోసిన గాడిని ఒకడు పట్టుకున్నాడు. ఆ ఏడాదంతా బడిలో నా పేరు ‘లేసమ్మ’. సూది పారేశాను. పెద్దయ్యాక ముప్పై ఏళ్లపాటు హేతువాద సభల వేదికలెక్కి, పనికి ఆడా మగా లేదని గొంతు చించుకున్నాను. ఎదురు వాదించినవాళ్లను ఉతికి ఆరేశాను. పదవీ విరమణ తర్వాత సూది మళ్లీ చేతికొచ్చింది. ఆ సంగతి నా భార్యకు తప్ప మరెవరికీ తెలియదు.

ఆమెది మెదక్ వైపు. బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో యంత్రభాగాల కొలతలు తనిఖీ చేసే పనిలో జీవితమంతా గడిపింది. వెంట్రుక మందం తేడా ఉన్నా ముక్కను పక్కకు నెట్టేసేది. ఆమె సంతకం లేకుండా సరుకు గేటు దాటేది కాదు. మేం దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నాం. ఒకరినొకరు ‘నువ్వు’ అనే పిలుచుకోవాలని ఆ రోజే ఒప్పందం.

వరుస కట్టిన మర్నాడే గంట మోగింది. తలుపు తీస్తే మా అపార్ట్‌మెంట్ సాంస్కృతిక కమిటీని నడిపే అమ్మాయి. ఐటీ కంపెనీలో మేనేజరు, ఒక్క క్షణం నిలకడగా నిలబడదు.

“అంకుల్, ఎంత బాగుందండీ! ఎక్కడ కొన్నారు?”

“కొన్నది కాదమ్మా, ఇంట్లో అల్లిందే.”

“నిజమా! ఎవరండీ అల్లింది?”

నా భార్య టీ కప్పుతో వచ్చి నా వెనకే నిలబడింది. నేను నోరు తెరిచాను. వేలి మీది పాత గాడి ఒక్కసారిగా చురుక్కుమంది.

“మా ఆవిడ,” అన్నాను.

నా భార్య నా మొహం వంక చూసింది. మా ఇంట్లో నా మాటను కాదనడం పెద్ద విశేషమేం కాదు, రోజుకు పదిసార్లు కాదంటుంది. కానీ ఆ క్షణంలో నా మొహంలో ఆమెకు ఏం కనిపించిందో, టీ కప్పు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నా పరువు కాపాడింది. అక్కడితో తాను ఇరుక్కుపోయింది.

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రకటన వచ్చేసింది: ఉగాది ముందు ఆదివారం క్లబ్‌హౌస్‌లో పద్నాలుగో అంతస్తు ఆంటీ లేసు అల్లిక నేర్పుతారు. నా భార్య ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

“ఏంది గిది? ‘నేను చేసిన’ అననీకి ఏమైంది నీ నోటికి? మీటింగులల్ల అంతంత లొల్లి చేస్తివి గదా!”

“రేపే వెళ్లి నిజం చెప్పేస్తాను.”

“ఇప్పుడు చెప్తే ఏమంటరు? మొగుడు పొగిడిండు, పెండ్లాం గొప్పకు పోయి ఊకున్నదంటరు. అబద్ధం నీది, ఇజ్జత్ నాది పోతది.”

మిగిలింది ఒకటే దారి, ఆదివారంలోగా ఆమె నేర్చుకోవడం.

వీధి తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాం. ముందు గొలుసు అల్లాలి, గొలుసు కొసలు కలిపి చుట్టు చేయాలి, ఆ చుట్టులోంచి రేకులు లేపాలి. దారాన్ని ఎందుకు వదులుగా పట్టుకోవాలో నేను వివరిస్తున్నాను.

“ఉపన్యాసం ఆపు. చెయ్యి చూపియ్యి,” అంది.

ఆమె గొలుసు మోకు పేనినట్టు బిగుసుకుపోయేది, అందులోకి సూది దిగేది కాదు. తప్పు పోయిన ప్రతిసారీ తన పాత తనిఖీ కళ్లతో చూసి, పనికిరాదని పక్కకు పెట్టేది. ఆ రెండు వారాలూ కిందికి నడకకు కూడా వెళ్లలేదు. ఒకసారి పాల కోసం దిగితే లిఫ్టులో నలుగురు ఆడవాళ్లు పట్టుకున్నారు. “ఆంటీ, ఏ సైజు సూది కొనాలి?” అని అడిగారట. ఆమె ముందురోజే నా సూదిని తన పాత వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచి ఉంది. “సున్నా పాయింట్ ఏడు అయిదు మిల్లీమీటర్లు,” అని చెప్పింది. దాంతో ఆమె ఖ్యాతి ఇంకో నాలుగు అంతస్తులు ఎక్కింది.

“రిటైరైన దినం మా కంపెనీల ఏమన్నరో యాదికున్నదా?” అని అడిగింది ఆ రాత్రి అన్నం పెడుతూ. “మేడమ్ కొలిస్తె తిరుగులేదు అన్నరు. ఇప్పుడు నేనేందో తెల్సా? లేస్ ఆంటీని. నేను చెయ్యని పనితోని నాకు పేరు. నేను చేసిన పని ఇక్కడ ఎవ్వలకెరుక లేదు.”

ఆడవాళ్ల శ్రమను మగవాళ్లు తమ పేరున రాసుకుంటారని వ్యాసాలు రాశాను. ఇక్కడ నేను చేసింది దానికి తలకిందులు, కాబట్టి తప్పు లేదని మనసులో ఒక వాదన లేచింది. అది చచ్చు వాదనని అన్నం ముద్ద మింగకముందే తెలిసింది. మనిషికి తనది కాని పేరు తగిలించడమూ దొంగతనమే. ఆ పేరు కింద ఆమె అసలు పేరు పోయింది.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్ నిండిపోయింది. దారం ఉండల సంచీ పట్టుకుని నేను వెనక కూర్చున్నాను, ఆ హాల్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. నా భార్య గొలుసు వరకు బాగానే చూపించింది. చుట్టు కలపాల్సిన చోట సూది ఆగిపోయింది. ఆమె చెంప మీదుగా చెమట చుక్క జారింది. తల ఎత్తి నన్ను వెతకలేదు. అది నేను భరించలేకపోయాను.

లేచి ముందుకెళ్లాను. “ఇది అల్లింది నేను. ఆమెకు రాదు. ఆ రోజు తలుపు దగ్గర సిగ్గుపడి అబద్ధం చెప్పాను. తప్పు నాది,” అన్నాను.

హాలంతా నవ్వు.

“ఎంత స్వీటో అంకుల్! ఆంటీ టెన్షన్ పడుతున్నారని కవర్ చేస్తున్నారు.”

“మా ఆయనైతే గ్లాసు మంచినీళ్లు కూడా తీసుకోరండీ!”

“నిజమే చెప్తుండు, నాకు రాదు,” అంది నా భార్య, గట్టిగానే.

“అయ్యో, మరీ అంత మొహమాటమా ఆంటీ!”

సాక్ష్యం ఉంటే జనం నమ్ముతారని జీవితమంతా చెప్పినవాణ్ణి. సూది తీసుకున్నాను. చుట్టు కలిపి, అయిదు రేకులు లేపి, వాళ్ల కళ్ల ముందే పువ్వు పూర్తిచేశాను. చప్పట్లు కొట్టారు. కమిటీ అమ్మాయి ఆ పువ్వును పైకెత్తి అందరికీ చూపించింది.

“చూశారా, ఆంటీ అంకుల్‌కి కూడా ఎంత బాగా నేర్పించారో!”

లిఫ్టెక్కాం. తొమ్మిదో అంతస్తు దాటాక నా భార్య అంది: “సభల మంచిగనే చెప్పినవ్. ఆ దినం గడప కాడ ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె. ఇగ నేను మల్ల సూది పట్ట. నువ్వే కిందికి పోయి, అందరు చూసేటట్టు కూసొని అల్లు. ఎన్ని దినాలైతే అన్ని దినాలు.”

అప్పటినుంచి సాయంత్రాలు పార్కు బెంచీ మీద కూర్చుని అల్లుతున్నాను. ఆమె నడకకు వచ్చి చుట్టూ తిరుగుతుంది, నా దగ్గర ఆగదు. నిన్న ఆఫీసు బస్సు దిగిన ఒకాయన నా ముందు నిలబడి, చాలా మర్యాదగా, “ఏం సార్, ఆంటీకి ఒంట్లో బాగోలేదా? ఆమె అల్లాల్సినవి మీరు పూర్తి చేస్తున్నారా?” అని అడిగాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వి వెళ్లిపోయాడు. ఆ సమయానికి ఆమె మలుపు తిరుగుతోంది. ఆయన నవ్వు ఆమెకు వినపడింది; ఆగకుండా ఇంకో చుట్టు మొదలుపెట్టింది.