ఆరువందల ముప్ఫయ్యో ర్యాంకు

ఆ రోజు ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన లూకన్‌లో మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దగ్గర్లోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుని. అతను అక్కడ కేరర్. ఘనా దేశస్థుడు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం అతని పని. రెండేళ్ళు పక్కపక్కన పనిచేసినా అతనెవరో నాకు తెలియదు. ఒకరోజు టీవీలో టెన్నిస్ వస్తోంది. ఒక పెద్దావిడకి అన్నం తినిపిస్తూ, ఆటగాడు కొట్టకముందే బంతి ఎటు పోతుందో చెప్పేస్తున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. తొమ్మిదేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడాడట. ప్రపంచంలో ఆరువందల ముప్ఫయ్యో ర్యాంకు దాకా వెళ్ళాడట. ఇంకా పైకి పోయేవాడే. యూరప్‌లో సోమవారం టోర్నమెంటైతే బుధవారం వీసా వచ్చేది. ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. ఇంట్లో కూర్చున్నవాడికి పాయింట్లు ఎవరిస్తారు? ఆఖరికి మోకాలు పోయింది. కోచ్ సర్టిఫికెట్ ఉంది గానీ ఇక్కడ ఏ క్లబ్బూ అతని ఉత్తరానికి జవాబివ్వలేదు.

"నలుగురు పిల్లలు దొరికినా చాలు సిస్టర్. మళ్ళీ కోర్టులో నిలబడాలి" అన్నాడు.

మా తెలుగు కుటుంబాలు ఐదు అప్పుడే పిల్లలకి టెన్నిస్ కోచ్ కోసం వెతుకుతున్నాయి. నేనే అందరినీ ఇంటికి పిలిచాను. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చాడు. వంటింట్లో మా పాపకి రాకెట్ పట్టుకోవడం చూపించాడు. పాప అట్లకాడతో కూడా అదే పట్టు పట్టి చూపించింది.

అందరూ వచ్చాక, మొదటి నెల మ్యాచ్‌లు ఉండవు, కాళ్ళు కదపడమే నేర్పిస్తానన్నాడు. మేమంతా అంకుల్ అని పిలిచే సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి నీ ర్యాంకెంత అని ఇంగ్లీషులో అడిగాడు. అతను నిటారుగా కూర్చుని చెప్పాడు. అంకుల్ అతని ముందే తెలుగులోకి దిగాడు.

"ఆరువందల ర్యాంకా? మా కోచింగ్ సెంటర్ల గీ ర్యాంకొస్తే ఫ్లెక్సీల ఫొటో గూడ ఎయ్యకపోతుండె."

అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆయన కూడా. ప్రపంచం మొత్తం మీదరా బాబూ! గల్లీ కోచింగ్ సెంటర్‌లో కాదు. మొదటి పది ర్యాంకులు తప్ప మిగతావాళ్ళంతా పనికిరానివాళ్ళేనా? మెట్లెక్కితే ఆయాసపడే మనుషులు, ఆ మాట అనడానికి సిగ్గుండక్కర్లేదా? అందరూ నవ్వుతున్నారని అతనూ నవ్వాడు. బజ్జీలు బాగున్నాయని నాతో అన్నాడు. వార్డులో డాక్టర్ల మీద కూడా లేచే నా నోరు ఆ పూట లేవలేదు.

వారం తిరక్కుండా ఒక ఐరిష్ కాలేజీ కుర్రాడిని మాట్లాడుకున్నారు. వాడిని ర్యాంకెవరూ అడగలేదు. ఏ పోటీలోనూ గెలవలేదని వాడే చెప్పాడు, మాటకి ముందోసారి వెనకోసారి గ్రాండ్ అంటూ. ఇక్కడ సరే అన్నా, బాగుంది అన్నా ఆ మాటే. మంచోడు, అబద్ధమాడడని అంకుల్ మెచ్చుకున్నాడు.

డ్యూటీలో అతను పిల్లల కోచింగ్ సంగతి ఏమైందని అడిగాడు. కోర్టు దొరకలేదని అబద్ధమాడాను. గ్రాండ్ అని తల ఊపి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత నేను మందుల బండి తోసుకెళ్తుంటే ఎదురొచ్చి ఫోన్ చూపించాడు. మా ఇంటికి దగ్గర పార్కులో కోర్టు బుక్ చేశాడు. శనివారం పదింటికి.

"కోర్టు దొరికింది సిస్టర్. పిల్లల్ని తీసుకురండి."

ఇక దాచలేకపోయాను. కోర్టు దొరకక కాదని, నీ ర్యాంకు చాలదని మావాళ్ళు వేరేవాడిని పెట్టుకున్నారని చెప్పేశాను.

"ఆ రోజు నవ్వింది దానికా?" అన్నాడు.

అవునన్నాను. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మీ పాప ఒక్కతే వచ్చినా నేర్పిస్తాను. వస్తుందా?"

ఐరిష్ కుర్రాడి దగ్గర చేరే పిల్లల పేర్లు మా కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నప్పుడు మొట్టమొదట పడింది మా పాప పేరే. పెట్టింది నేనే. అది కూడా అతనికి నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.