తలంటు పోసుకున్న ఇంజిన్

"ఆ ఇంజిన్ ఆగడం లేదే. నువ్వెళ్లి ఆపు."

"వెళ్తున్నా. నువ్వు కళ్లు మూసుకో."

మా ఆయనా నేనూ ఈ లోకంలో అనుకున్న చివరి మాటలు ఇవే. చెరకు కోతల కాలం. పక్కింటాయన పొద్దున్నే ట్రాక్టరు స్టార్ట్ చేసి, వేడెక్కుతుందని వదిలేసి, గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను కంచె దాకా వెళ్లి, "భయ్యా, బంద్ కరో! లోపల మనిషికి బాగాలేదు" అని అరిచాను. పాపం, వెంటనే ఆపేశాడు. తిరిగి వచ్చి చూద్దును కదా, మా ఆయన కూడా ఆగిపోయాడు. ఏడవాలన్న సంగతి నాకు ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ముందు మాత్రం కొయ్యబారిపోయి నిలబడ్డాను. పోయినందుకు కాదు, అది డాక్టరు ముందే చెప్పాడు. "నువ్వెళ్లి ఆపు" అన్నందుకు! పెళ్లయిన నాటి నుంచీ ఆ మనిషి నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మా తాతలు ఓడలెక్కి చెరకు పనికొచ్చిన ఈ దీవుల్లో, మా బులిలేకా ఊళ్లో, ఈ దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో జరిగిన ఒక ఘోరం చెప్పాలి. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది, మన పిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాడు. నా మాటల్ని దిద్దకపోతే వాడికి నిద్ర పట్టదు. (దిద్దుకో అబ్బీ, పర్వాలేదు. నీ గురించి చెప్పే చోట మాత్రం చెయ్యి పెట్టకు.)

ఆ రోజుల్లో మాకు కొత్త వస్తువంటే జెండా ఒక్కటే. మిగతావన్నీ పాతవే. తెల్లదొరలు తమ దేశాలకు పోతూ పోతూ మంచాలూ కుర్చీలూ సైకిళ్లూ అమ్మేసుకుంటుంటే మావాళ్లు ఎగబడి కొనుక్కునేవాళ్లు. అలా మా ఆయన ఒకనాడు చెరకు మిల్లు ఓవర్సీరు వాడిన నల్లకారు ఒకటి ఇంటికి తెచ్చాడు. తెచ్చాడంటే తోలుకొచ్చాడని కాదు, ఎడ్లతో లాగించుకొచ్చాడు. దాని పెట్రోలు ఇంజిన్ ఎప్పుడో పట్టేసింది. వాకిట్లో దాన్ని చూసి నాకు మతిపోయింది. అప్పుడు నాకు ఐదో నెల. అది రెండో కాన్పు. మొదటిది... అంతకు ముందు వానాకాలంలో నాకు నొప్పులొస్తే ఎడ్లబండి మీద లబాసా ఆసుపత్రికి బయలుదేరాం. బురదలో చక్రం దిగబడింది. ఆసుపత్రి చేరేసరికి బిడ్డ లేదు. అంతే, దాని గురించి ఇంకేమీ చెప్పను. ఆ తర్వాత మా ఆయన చాలా రోజులు ఆ బండి వంక చూడలేదు. చూడకుండా చూడకుండా, ఒకరోజు ఈ కారుతో దిగాడు.

"ఏమే, ఈసారి నువ్వు బండెక్కేది లేదు. కారులో పోతావు" అన్నాడు.

"ఇంజిన్ లేని కారులోనా?"

"డీజిల్ ఇంజిన్ పెడతాను. కోతలప్పుడు వచ్చే ట్రాక్టరు కోసమని డీజిల్ డ్రమ్ము ఎప్పుడూ మన పెరట్లోనే ఉంటుంది కదా. పెట్రోలు కావాలంటే లబాసా పోవాలి. ఏ వేళ నొప్పులొచ్చినా బండి కదలాలంటే డీజిలే."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి నేనింక ఎగతాళి చెయ్యలేకపోయాను. ఎవరికీ పిచ్చి ఊరికే ఎక్కదు.

ఆ డీజిల్ ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడు మళ్లీ అదిరిపడ్డాను. వరదకి నదిలో పడిపోయి, అక్కడే నాని, తర్వాతెప్పుడో ఒడ్డుకి లాగి పారేసిన వ్యానుదట! దాన్ని బాగుచేసే మహానుభావుడు మా అత్త తమ్ముడు. అందరూ గ్రీజు మామ అనేవాళ్లు. మిల్లు రైలింజిన్ల షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. ఇంజిన్లతో మెత్తగా, మనుషులతో మొరటుగా మాట్లాడేవాడు. మామ ఆ ఇంజిన్ అడుగు విప్పగానే లోపలి బురదలోంచి చిన్న పీత ఒకటి బయటికొచ్చి, మా అందరి వంకా చూసి, పక్కకి నడుచుకుంటూ పోయింది. నేను కెవ్వున అరిచాను. మామ మాత్రం, "భయపడకు కోడలా, అద్దె కట్టకుండా ఉంటున్నాడు, ఖాళీ చేయించాం" అన్నాడు.

అక్కడి నుంచి నా వంటిల్లు నాది కాకుండా పోయింది. పప్పు వండే పెద్ద తపేలాలో చాకలి సోడా వేసి పిస్టన్లు ఉడకబెట్టారు. గూట్లో పచ్చడి జాడీల పక్కన బేరింగులు కూర్చున్నాయి. సువా నుంచి ఓడలో కొత్త రింగులు వస్తే మా అత్త వాటికి బొట్టు పెట్టింది. ఓపిగ్గా కూర్చుని చేసే పని ఒకటి మాత్రం నాకు అప్పగించారు. వాల్వులకి గరుకు పేస్టు పూసి, పుల్ల చివర తగిలించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. నిండు నెలలు దగ్గర పడుతున్నదాన్ని, పీట మీద కూర్చుని మజ్జిగ చిలికినట్టు ఇంజిన్‌ని చిలికాను. "ఇదిగో కోడలా, దీంట్లోంచి గాలి పీలుస్తుంది, దీంట్లోంచి వదుల్తుంది. మనలాగే. ఊపిరాడకపోతే అదీ చచ్చిపోతుంది" అని మామ చూపించేవాడు. ఆ మాట ఒక చెవితో విని ఊరుకున్నాను.

మామిడికొమ్మకి గొలుసు వేసి ఇంజిన్‌ని కారులోకి దించిన రోజు ఇంకో విడ్డూరం. అది కారుకన్నా పొడుగు! బానెట్ మూత పడలేదు. మా ఆయన క్షణం కూడా ఆలోచించకుండా బానెట్‌కి కన్నం కోశాడు. గాలి పీల్చే గొట్టం ఆ కన్నంలోంచి పైకొచ్చి, నోరు తెరుచుకుని ఆకాశం వంక చూస్తూ నిలబడింది. బరువుకి కారు ముందు భాగం దండం పెడుతున్నట్టు వంగిపోయింది. చెరకు లారీ స్ప్రింగు పట్టీలు వేసి దాన్ని నిలబెట్టారు. ఇదంతా చూస్తూ మా మరిది, అప్పుడే మాస్టరు ట్రైనింగు పూర్తి చేసిన పెద్దమనిషి, "వదినా, సైన్సు ప్రకారం ఇది నడవదు" అన్నాడు. (అన్నావా లేదా? రాయి.)

ఇక స్టార్ట్ చేసే రోజు. ఆదివారం పొద్దున్న. నాకు తొమ్మిదో నెల. మా అత్త ఊళ్లో పెద్దలందరినీ పిలిచింది. నేను ఊరంతటికీ సరిపడా పూరీల పిండి పళ్లెంలో కలిపి పెట్టాను. మగవాళ్లు చాప పరుచుకుని, వేరు దంచి నీళ్లలో పిసికే యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్నారు. మామ తెల్లవారకముందే ఇంజిన్‌లో నూనె గుర్తు దాకా సరిగ్గా పోసి ఉంచాడు. అంతా సిద్ధం. సరిగ్గా అప్పుడు మా అత్త నోరు తెరిచింది.

"పెళ్లికొడుక్కి పెద్దల చేత్తో నూనె పెట్టించకుండా తలంటుతామా? దీనికీ పెద్దలే పొయ్యాలి!"

మామ ముఖం నల్లబడింది. "అక్కా, పోసేశాను. ఇంకొద్దు. ఎక్కువైతే..." అంటుండగానే సర్దారు లేచాడు. సర్దారంటే చెరకు కోసే గ్యాంగుకి పెద్ద. ఈ ఏడు ఎవరి చెరకు ముందు కొయ్యాలో, ఎవరిది ఎండబెట్టాలో ఆయన చేతిలో పని. అలాంటి మనిషిని వద్దని ఎవరంటారు? యంగోనా తాగే కొబ్బరిచిప్పలోనే నూనె పట్టి, ముందొక చప్పట్టు కొట్టి, ఇంజిన్‌లో పోసి, తర్వాత మూడు చప్పట్లు కొట్టాడు, అచ్చం యంగోనా తాగినట్టే. సర్దారు పోశాక ఎదురింటి తాత ఊరుకుంటాడా? వాళ్లిద్దరికీ పడదు. "నేనేం తక్కువ తిన్నానా?" అంటూ చిప్ప నిండా కాదు, పొర్లిపోయేలా పట్టుకొచ్చాడు. తాత పోశాక తాత వియ్యంకుడు. ఆయన్ని పిలిచి ఈయన్ని పిలవకపోతే మళ్లీ కోతల దాకా మాటలుండవు. ఎంతమంది పోశారో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన నూనె కొలిచే పుల్ల పైకి తీసి, దాని వంక చూసి, మళ్లీ లోపల పెట్టేశాడు. నా పెనిమిటి ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి, నాకు తప్ప.

తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది! చప్పట్లు, కేకలు. మా అత్త గుమ్మడికాయ తేవడానికి లోపలికెళ్లింది. నేను పూరీల కోసం పిండిపళ్లెం చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. చూస్తుండగానే శబ్దం మారింది. గురగుర కాస్తా గర్జన అయింది, గర్జన కాస్తా పెడబొబ్బ అయింది. వెనక గొట్టం లోంచి తెల్లటి పొగ వాకిలంతా కమ్మేసింది.

"ఆపరా! ఆపెయ్!" అని మామ అరుస్తున్నాడు.

"ఆపేశాను మామా! ఆగడం లేదు!" అని లోపలి నుంచి మా ఆయన.

తాళం తీసేసినా ఆగదు. డీజిల్‌ని ఆపే బుడిపె ఒకటి ఉంటుంది, అది లాగినా ఆగదు. దానికిప్పుడు డీజిలే అక్కర్లేదు. పెద్దలు దీవించి పోసిన నూనె అంతా గాలిగొట్టంలోకి ఎగదన్ని, అదే తాగి బతుకుతోంది. ఇదంతా తర్వాత మామ చెప్పాడు. అప్పుడెవరికి తెలుసు! "ఓయిలే, అయ్యబాబోయ్! పేలిపోద్ది!" అని ఎవరో అరిచారు. అంతే, సర్దారు ముందు, తాత వెనక, జన్మలో మొదటిసారి ఇద్దరూ ఒకే దారిన చెరకులోకి దూరారు. గ్రీజు మామ కూడా. మాస్టరు కూడా. (ఏం, కలం ఆగిందేం? "మా మరిది అందరికన్నా ముందు పరిగెత్తాడు" అని రాయి.)

కారులో మా ఆయన ఒక్కడే ఉన్నాడు. దిగిరాలేదు. రెండు కాళ్లూ తన్నిపెట్టి ఆ బుడిపె పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. పొగలో ఆయన ముఖం కనబడలేదు, మోచెయ్యి మాత్రం కనబడింది. నాకు ఆ మోచేతిని చూసి పిచ్చెత్తింది. పేలితే ఈ బిడ్డకి తండ్రి ఉండడు, పేలకపోయినా ఇంజిన్ ముక్కలైతే నేను మళ్లీ ఆ ఎడ్లబండి ఎక్కాలి. కడుపు పట్టుకుని, "దిగవయ్యా!" అంటూ బానెట్ దగ్గరకి పరిగెత్తాను. ఆ గొట్టం నా చీర కొంగుని సర్రున లోపలికి లాక్కుంది! లాక్కోగానే ఇంజిన్ ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరైంది. కొంగు చిరిగింది, మళ్లీ గర్జించింది. అప్పుడు తట్టింది నాకు, ఇదా దీని నోరు అని. మూకుడులో నూనె అంటుకుంటే మూత పెట్టమా? పళ్లెంలో పిండి మొత్తం రెండు చేతులా ఎత్తి ఆ నోట్లో కుక్కాను. కుక్కినది కుక్కినట్టే మింగుతోంది! ఇంకా కుక్కి, పైన పళ్లెం బోర్లించి, దాని మీద నా బరువంతా వేసి పడుకున్నాను. కారు గజగజ వణికింది. ఒక్కసారి లోపలికి ఊపిరి పీల్చబోయి, అందక, ఢక్కుమని ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మా అత్త గుమ్మంలో గుమ్మడికాయతో నిలబడి ఉంది. నల్లగా నేను, తెల్లగా పిండి, చిరిగిన చీర. ఆమె అన్న మొదటి మాట: "అయ్యో, పూరీల పిండి!"

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. మా ఆయన దిగాడు. ఆయన చేతిలో ఆ బుడిపె ఉంది, తీగతో సహా ఊడొచ్చింది. "ఆపేశాను" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఆ ముఖం చూసి మూసేశాను.

చెరకులోంచి మగవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. పారిపోయినవాళ్లు ఏం చూశారని సాక్ష్యం చెబుతారు? బుడిపె చూశారు, శభాష్ అన్నారు. పూరీలు లేకుండానే యంగోనా మళ్లీ మొదలైంది. గొట్టం విప్పి పిండి తీసినవాడు మాత్రం గ్రీజు మామ. పైనున్న పిండి ముద్దలో నా గాజుల అచ్చులు పడి ఉన్నాయి. మామ వాటిని చూశాడు, నన్ను చూశాడు, ముద్దని కోళ్లకి విసిరేశాడు.

దాన్నంతా శుభ్రం చేసి, నూనె మళ్లీ గుర్తు దాకానే పోసి (ఈసారి మామ గేటుకి గొలుసు వేశాడు), నాకు నొప్పులొచ్చేనాటికి కారుని సిద్ధం చేశారు. కుండపోత వాన. డ్రమ్ము లోంచి డీజిల్ పట్టి, తాళం తిప్పగానే అందుకుంది. దారిలో చక్రం దిగబడిన ఆ పాత చోటు వచ్చినప్పుడు మా ఆయన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను, ఇంజిన్ మాత్రం హాయిగా పీల్చుకుంటూ దాటేసింది. లబాసా దాకా మాడిన పూరీల వాసన. ఇప్పుడు లౌటోకాలో మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్న నా పెద్దకూతురు ఆ పూట పుట్టింది.

ఆ తర్వాత ఎన్ని యంగోనా గిన్నెల ముందు ఆ కథ చెప్పాడో మా ఆయన! ప్రతిసారీ గోడ మీది బుడిపె దించి చూపించేవాడు. "ప్రాణం పోయినా వదల్లేదు, లాగి ఆపాను" అనేవాడు. నేను లోపల గిన్నెలు కాస్త గట్టిగా తోమేదాన్ని. ఆయనకి నిజంగానే తెలియదేమో అనుకున్నాను. పొగ కదా, ఏం కనబడుతుంది? ఒక్కోసారి ఒళ్లు మండేది. ఒక్కోసారి ఆ మోచెయ్యి గుర్తొచ్చి చల్లారిపోయేది. కడుపు నిండా బిడ్డతో, చేతుల నిండా పిండితో బానెట్ మీద బోర్లా పడుకున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఎవరమ్మా ఆ మొండిది? దానికి నా కళ్లున్నాయి కాని, నా భయాలు లేవు.

చివరికి, కళ్లు సరిగా కనబడని మనిషి, ట్రాక్టరు చప్పుడు విని, తను లేవబోలేదు. బుడిపె అడగలేదు. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాడు. అంటే చూశాడన్నమాట. ఆ పొగలోంచి కూడా చూశాడన్నమాట! చూసి, ఇన్నేళ్లూ... దొంగ.

ఏం అబ్బీ, కళ్లు తుడుచుకుంటున్నావా? కాగితం తడిపేస్తావు. రాసింది చాలు, ఇప్పుడు చదువు. అంతా వద్దు. నువ్వు చెరకులోకి పరిగెత్తిన ముక్క ఒకటి, ఉందో లేదో చూస్తాను. తర్వాత మొదట్లో మీ అన్నయ్య అన్న మాట ఉంది చూడు, అది. కాస్త గట్టిగా చదువు.