దూది, దాని నాలుగు పిల్లలు

మా చిన్నప్పుడు... మా ఇంటి వసారాలో ఒక కుందేలు ఉండేది. పాశమైలారం కంపెనీల పక్కన మా ఊళ్లో బర్రెలు, మేకలు అందరికీ ఉండేవి. కుందేలు మాత్రం మాకే ఉండేది. అందుకని నేనూ తమ్ముడూ బడిలో కాస్త ఎగిరిపడేవాళ్లం.

మా వెనక గదిలో కిరాయికి ఉన్న బీహార్ ఆయన పని మానేసి సొంతూరికి పోతూ దాన్ని మాకిచ్చాడు. "కాన్ పకడ్కే మత్ ఉఠానా, నహలానా భీ మత్" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెవులు పట్టుకుని ఎత్తొద్దు, స్నానం చేయించొద్దు... "దీనికి తానం గూడ వద్దా? మస్తు సుఖం దీనిది!" అంది నానమ్మ. తెల్లగా, మెత్తగా ఉందని దానికి దూది అని పేరు పెట్టాం.

గరిక కోసుకొచ్చి వేయడం నా పని. ప్రేమ కొద్దీ గోబిగడ్డ, అంటే క్యాబేజీ, ఆకులు ఎక్కువ వేస్తే దాని కడుపు చెడేది. ఊడ్చేది నానమ్మ కాబట్టి తిట్లు నాకు పడేవి. దూది భయపడితే వెనక కాలితో నేలను ధన్‌మని కొట్టేది. కంపెనీ సైరన్ మోగిన ప్రతిసారీ కొట్టేది, పాపం.

అమ్మ మందు గోళీల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఎప్పుడూ ఫస్ట్ షిఫ్టే. మేం లేచేసరికి ఇంట్లో ఉండేది కాదు. నాన్న లారీ మీద తిరిగేవాడు. పొద్దున మాకు తల దువ్వేది, సద్ది కట్టేది నానమ్మే. ఆ కోపం ఆమెకు బాగానే ఉండేది. ఎవరు ఇంటికొచ్చినా "పిల్లలు లేవకముందే పోతది నా కోడలు. పెంచుడంత నా పానం మీదికే" అనేది.

ఒకరోజు దూది తన కడుపు మీది బొచ్చు తనే నోటితో పీక్కోవడం మొదలుపెట్టింది. గజ్జి అనుకుని నానమ్మ పసుపు రాసింది. మర్నాడు చూస్తే అది పడుకునే అట్టపెట్టెలో ఆ బొచ్చంతా కుప్పగా ఉంది. కుప్ప కింద ఏదో కదులుతోంది... నాలుగు పిల్లలు! కళ్లు తెరవలేదు, ఒంటి మీద బొచ్చు లేదు. మాకిచ్చేనాటికే అది కడుపుతో ఉందని మాలో ఎవరికీ తెలియదు.

బడి మానేసి అక్కడే కూర్చున్నాం. దూది మాత్రం పెట్టె వైపు పోలేదు. అవతలి మూలన కూర్చుని గరిక నములుతూనే ఉంది. తమ్ముడు ఎత్తి పెట్టెలో పెడితే ఒక్క దూకులో బయటికొచ్చింది. మధ్యాహ్నానికి వాడు ఏడుపందుకున్నాడు, పిల్లలు ఆకలికి చచ్చిపోతాయని. నాకూ అదే భయం.

నానమ్మ బర్రెపాలు వెచ్చజేసి, గుడ్డపీలిక తడిపి పట్టుకుంది.

"పొద్దటిసంది పిల్లల మొకం సూడలే. గిదేం తల్లి! కొన్ని గట్లనే ఉంటయి... కంటయి, ఇడిసిపెట్టి పోతయి."

అప్పుడే అమ్మ షిఫ్టు దిగొచ్చి గడప దగ్గర చెప్పులు విప్పుతోంది. ఆ మాట విన్నది. ముఖం చిన్నబోయింది.

"ఆగు అత్తమ్మా, పాలు పట్టకు. గొంతుల అడ్డం పడి సస్తయి" అంది. "పొద్దుగాల నేను సద్ది కట్టుకుంటుంటే దూది పెట్టెలకు దుంకింది. పిల్లలన్ని దాని కడుపు కింద మెసలినయి. నేను జడేసుకునే లోపల్నే మళ్ల బయటకొచ్చింది. జెర వాటి కడుపులు సూడు."

ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని తిప్పి చూపించింది. కడుపు నిండుగా, గుండ్రంగా ఉంది. పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. నానమ్మ చూసింది గానీ ఒప్పుకోలేదు. "రేపు నా కండ్లతోని సూస్తెనే నమ్ముత" అంది. గుడ్డపీలిక మాత్రం పక్కన పడేసింది.

మర్నాడు నేనూ నానమ్మా తెల్లవారకముందే మేలుకుని, వసారాలో బొంత కిందే పడుకుని చూస్తున్నాం. దూది వచ్చింది. పెట్టెలోకి దూకింది. పిల్లలు చప్పరిస్తున్న చప్పుడు... కాసేపే. మళ్లీ బయటికొచ్చి దూరంగా పోయి కూర్చుంది. కుందేలు తల్లి అంతేనట. పిల్లల దగ్గరే ఉంటే ఆ వాసనకు వేరే జంతువులు వస్తాయని, రోజుకు ఒకటి రెండు సార్లు పాలిచ్చి దూరంగా ఉంటుందట. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది.

నేను లేవబోతుంటే అమ్మ మా వైపు వచ్చింది. ఎందుకో కళ్లు మూసుకున్నాను. బొంత నా భుజం మీదికి లాగింది. నా చెంప మీద ముద్దు పెట్టింది. ఓరకంట చూస్తే, తర్వాత తమ్ముడి వైపు వంగింది... వాడు నిద్రలోనే పక్కకు జరిగి ఆమె కూర్చోవడానికి చోటిచ్చాడు. వాడికి అది రోజూ ఉన్న అలవాటే! అమ్మ వాడి నుదురు నిమురుతూ కూర్చుంది. బయట కంపెనీ బస్సు హారన్ కొట్టగానే లేచి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

నా పక్కన నానమ్మ కూడా అంతా చూసింది. ఆ తర్వాత ఎవరైనా ఇంటికొస్తే "నా కోడలు..." అని మొదలుపెట్టి, వేరే మాటలోకి పోయేది. దూది పిల్లలు నాలుగూ బతికాయి.

ఇప్పుడు నేను తెల్లాపూర్‌లో ఉంటున్నాను. నేను కూడా మా పాప లేవకముందే ఆఫీసుకు క్యాబ్ ఎక్కుతాను. ఇంట్లో కెమెరా ఉంది... పాప లేచిందా, పాలు తాగిందా అని ఫోన్‌లో పదేపదే చూసుకుంటాను. అమ్మకు అవేవీ లేవు. షిఫ్టు అయ్యేదాకా సరిపోవాలని ఆ కాసేపట్లోనే మమ్మల్ని కళ్ల నిండా చూసుకుని వెళ్లేది.

మీ ఇళ్లలో కూడా మీరు లేవకముందే పనికి వెళ్లినవాళ్లు ఉండే ఉంటారు... ఒక్కరోజైనా నిద్ర నటించి చూశారా? ఏం కనిపించిందో చెప్పండి.