చామంతి మొదటి ధార: ఇందుకూరుపేట దాకా ఒక రోజు

సముద్రం చూడటానికి మైపాడు వెళ్ళేవాళ్ళు చాలామంది. నేను కిందటి వారం ఆ దారినే వెళ్ళాను గానీ సముద్రం మొహం చూడకుండానే తిరిగొచ్చాను. నన్ను రమ్మన్నది సువార్తమ్మ. "అక్కా, చామంతి నిన్నట్నించి లెయ్యలేదు. నేనెంత పిలిచినా పలకడంలా. మీ గొంతు ఇంటే లేస్తాదేమో, ఒక్కసారి రాగలరా?" అని ఫోన్ చేసింది. చామంతి మా ఆవు. అంటే ఒకప్పుడు మాది. నేను కోవూరు తపాలా ఆఫీసులో పనిచేసేటప్పుడు మా పెరట్లోనే పుట్టింది. రెండేళ్ళ కిందట ఒంగోలుకి బదిలీ అయితే రెండో అంతస్తులో అద్దె ఇల్లు దొరికింది. ఆవును మెట్లెక్కించలేం కదా. కొనడానికి వచ్చినవాళ్ళలో ధర అడగకముందే దాని నొసటి మీద చెయ్యి వేసింది సువార్తమ్మ ఒక్కతే. అందుకే ఆమెకిచ్చాను. తవుడులో కాస్త బెల్లం కలపమనీ, దోమలకి పొగ వెయ్యమనీ, పితికే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి ధార భూదేవికి వదలమనీ, అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లి చెప్పినట్టు బోలెడు చెప్పి పంపాను.

ఉదయం అయిదున్నరకి ఒంగోలులో రైలెక్కాను. జనరల్ టికెట్టు డెబ్బై రూపాయల లోపే. పడుగుపాడు దాటి పెన్నా వంతెన మీదికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. నెల్లూరు స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటోలో వెళ్ళి, ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కారం దోసె చెప్పాను. కారం తగ్గించమంటే పెనం దగ్గరున్నాయన నా వైపు జాలిగా చూశాడు. "తగ్గిస్తే అది మామూలు దోసె అయిపోతాది గదమ్మా! నెల్లూరికొచ్చి మామూలు దోసె తిని పోతారా?" అన్నాడు. మామూలుగానైతే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు పెట్టింది తినేసి లేచాను. మైపాడు బస్సు ఎనిమిదిన్నరకి కదిలింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి జీరో టికెట్టు ఇస్తారు, కార్డు మర్చిపోకండి.

ఇందుకూరుపేట దగ్గర దిగి షేర్ ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. వరిపొలాలు కాసేపే. తర్వాత దారికి రెండు వైపులా రొయ్యల గుంటలు, నీళ్ళు చిమ్మే చక్రాలు. డ్రైవర్ మస్తాన్ ఎవరింటికని అడిగాడు. సువార్తమ్మ ఇంటికన్నాను.

"ఆవును చూసేదానికా? అయితే బిరీన పోదాం. నిన్న కబేళా బ్రోకర్లు వచ్చినారమ్మా. పడిపోయిన ఆవు సంగతి వాళ్ళకెట్టా తెలుస్తాదో ఏమో. ఆయమ్మ కట్టె తీసుకోని తరిమింది," అన్నాడు. "ఇక్కడ నేల ఎండదమ్మా. గుంటల్లో నీళ్ళు ఊరుతానే ఉంటాయి. మా ఇంట్లో గేదె కూడా కుంటతా ఉండాది."

పదింటికి చేరాను. సువార్తమ్మ భర్త ఏసురత్నం గుంటల కాపలాకి పోయాడు. రెండు గట్ల మధ్య వేసిన కొట్టం శుభ్రంగానే ఉంది. పేడ ఎప్పటికప్పుడు ఎత్తుతున్నట్టే ఉంది. కానీ నేల మాత్రం మస్తాన్ చెప్పినట్టే చెమ్మగా, అడుగు వేస్తే పాదముద్ర పడేలా ఉంది. చామంతి ఎండుగడ్డి మీద ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. వెనక కుడికాలి గిట్టల మధ్య చీలి, పుండు పడి, వాసన వస్తోంది. మూడు నెలల దూడ, పెయ్యదూడ, గుంజకి కట్టేసి ఉంది. పశువుల డాక్టరమ్మ అప్పటికే వచ్చి సెలైన్ పెడుతోంది. చిన్న వయసే, మాట మాత్రం సూటి.

"గిట్ట నొప్పికి నిలబడలేక పాలు పితగ్గానే పడుకునేసింది. పితికినాక అరగంట దాకా చన్ను మొనలు మూసుకోవు. ఆ బురదలో పడుకుంటే క్రిములు నేరుగా పొదుగులోకి పోతాయి. పితగ్గానే ముందు పచ్చిగడ్డి వేసి నిలబెట్టాల. గిట్టల్ని మైలుతుత్తం నీళ్ళతో కడగాల," అంది నాతో.

సువార్తమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొదుగు నిండుగా కనపడతా ఉంటే పాలు దిగినాయనుకున్నా అక్కా. వాపును చూసి బలుపనుకున్నా," అంది.

"పొదుగు వాచక ముందే పాలు చెప్పేస్తాయి. మొదటి ధారల్లో పెరుగు తరకల్లాంటివి పడతాయి. నువ్వు చూళ్ళేదా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. మొదటి ధారలు నేలకే పిండేదాన్ని."

"నేలకెందుకు? నల్లగిన్నెలోకి పిండితే తరకలు తెల్లగా కనపడతాయి, బురదలో ఏం కనపడతాది? పైగా ఆ పాలు ఇంకి క్రిములు పెరిగిన చోటే గదా అది పడుకునేది!"

సువార్తమ్మ ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే తల వంచుకుంది. ఆ చూపు నాకు అర్థమైంది. "నేనే చెప్పానమ్మా, భూదేవికి వదలమని," అన్నాను. మా అమ్మ అలాగే చేసేది, నేనూ చేశాను. మా పెరట్లో ఎర్రటి గట్టినేల మీద ఆ ధార తెల్లగా కనపడేది. తేడా ఉంటే కంటికి తెలిసేది. నేల మారితే పద్ధతి మారాలని నాకు తోచనే లేదు.

"మీరు ఏసుప్రభువుని కొలిచేవాళ్ళు. ఆ పద్ధతి ఎందుకు పట్టుకున్నావు తల్లీ?" అని అడిగాను సువార్తమ్మని.

"ఆవు మీ చేతిలో పెరిగింది గదక్కా. కొత్త చోటికొచ్చి ఉండాది, అలవాటు తప్పిస్తే బెంగ పెట్టుకుంటాదని. ఒక్క పూట కూడా మానలా," అంది.

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ నా భుజం తట్టి, "తర్వాత ఏడుద్దురు గానీ, ముందు పిలవండి. ఈ రోజు లేచి నిలబడితే కొంచెం ఆశ ఉండాది," అంది. నేను దాని తల దగ్గర కూర్చుని, "చామంతీ, రామ్మా, లేమ్మా" అన్నాను, పెరట్లో పొద్దున్నే పిలిచినట్టు. చెవి కదిలింది. మళ్ళీ పిలిచాను. ముందు మోకాళ్ళ మీద లేచింది. మేం ముగ్గురం పొట్ట కింద గోనెపట్టా వేసి ఎత్తితే, కుడికాలు పైకి పెట్టుకుని మూడు కాళ్ళ మీద నిలబడింది. సువార్తమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. అంతలో చామంతి చేపింది, పాలు చన్నుల్లోకి దించింది. నా గొంతు విని, పాలు పితకడానికి వచ్చాననుకుంది. ముందు చన్నులు రెండిటి నుంచీ పాలు బొట్లు బొట్లుగా కారాయి. వెనక కుడి చన్ను నుంచి డాక్టరమ్మ నల్లగిన్నెలోకి పిండితే ఎర్రటి నీళ్ళు వచ్చాయి. అటువైపు పొదుగు చెయ్యి పెడితే చల్లగా ఉంది. డాక్టరమ్మ మొహం చూస్తే నాకు అడగాలనిపించలేదు. అయిదు నిమిషాలు నిలబడి ఉంటుంది. తర్వాత కాళ్ళు వణికి కూలబడింది.

మధ్యాహ్నం సువార్తమ్మ అన్నం పెట్టి కాఫీ ఇచ్చింది. పాలు పాకెట్టువి. "దూడక్కూడా ఇవే పోస్తా ఉండా," అంది. సాయంత్రం దాకా చామంతి మెడ నిమురుతూ కూర్చున్నాను. ఇంకోసారి లేవలేదు. అయిదింటికి మస్తాన్ వచ్చి నన్ను ఇందుకూరుపేటలో బస్సెక్కించాడు. డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. "తెల్లారతానే పోయిందక్కా. ఏడవబాకండి. మా కొబ్బరిచెట్ల కాడే పూడ్చినాం," అంది. నేను క్షమించమని అడగబోతే అడగనివ్వలేదు. "దూడ ఉండాది గదా. అది ఈనినాక మొదటి ధార నల్లగిన్నెలోకి పిండుతా. బాగా చూసుకోని, అప్పుడు కొట్టానికి దూరంగా తీసకపోయి నేలకే పోస్తా. మీ మాట తీసెయ్యన్లే అక్కా," అంది. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మేశాక మనది కాదనుకున్నాను. చెప్పాల్సినవి చెప్పాను కదా, ఇంకేముందనుకున్నాను. నేను చెప్పిన మాట ఆ బురదలో ఏమైందో చూడటానికి ఒక్కసారీ వెళ్ళలేదు.

పాడి పశువును ఎవరికైనా ఇచ్చినవాళ్ళు నెల తిరక్కుండా వెళ్ళి చూసిరండి. పోతూ పోతూ నల్లగిన్నె ఒకటి కొని తీసుకెళ్ళి, మీ చేత్తో మొదటి ధార అందులో పిండి ఇద్దరూ కలిసి చూడండి. ఒంగోలు నుంచి పొద్దున వెళ్తే రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ ఒక్క రోజు నాకు రెండేళ్ళలో దొరకలేదు.