తెలియదు అని రాసిన కార్డులు

2025 నవంబరు 15, శనివారం. విశ్వావసు, కార్తీక బహుళ ఏకాదశి. ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో మబ్బు, చలిగాలి. పొద్దున నిచ్చెన వేసుకుని ఇంటి చూరు గటర్లలో కుళ్ళిన ఆకులు తీశాను.

మాస్టారు పోయి ఇవాళ్టికి నెల. ఆ రోజు షాపులో బియ్యం బస్తాలు సర్దుతుంటే అమ్మగారు, అంటే ఆయన భార్య, ఫోన్ చేశారు. "బాబూ, ఆయన లేవలేదు" అన్నారు. అంతే.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. ఇండియన్ గ్రోసరీలో పని. ఏ రోజు ఏం చేశానో నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు. ఒకరోజు కౌంటర్ దగ్గర మాస్టారు ఆ పుస్తకం తిప్పి చూశారు.

"వారం ఉంది, తారీఖుంది. సంవత్సరం ఏదయ్యా? మూడు వందల ఏళ్ళ తర్వాత చదివేవాడు నిన్ను తిట్టుకోడూ?"

"నా రాతలు ఎవరు చదువుతారండీ?"

"వాళ్ళూ అలాగే అనుకున్నారు."

వాళ్ళంటే తాటాకుల మీద రాసినవాళ్ళు. రిటైరయ్యాక మాస్టారు ఒక్క సంవత్సరాన్నే పట్టుకున్నారు. గోల్కొండ కోట పడిపోయిన 1687, ప్రభవ. ఆ ఏడాది తెలుగులో ఎవరేం రాశారు, ఎవరేం నకలు తీశారు? "కోట కూలుతుంటే ఎవడో ఎక్కడో కూర్చుని పద్యం రాసుకున్నాడు. వాడు నాకు కావాలి" అనేవారు.

చిక్కల్లా, ప్రభవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది. రాసినవాడు చివర ఉత్త ప్రభవ అని పెట్టి ఊరుకుంటే అది ఏ ప్రభవ? తిథీ వారమూ ఆ ఏటికి కుదిరాయా అని మాస్టారు లెక్క కట్టేవారు. కుదిరితే ఆ రాత వివరం ఎక్కించిన కార్డు రేకుడబ్బాలోకి. లేకపోతే కింద "తెలియదు" అని రాసి చెప్పుల అట్టపెట్టెలోకి. ఆదివారాలు ఆయన చెబితే నేను రాసేవాణ్ణి. పన్నెండేళ్ళలో రేకుడబ్బాలో తొమ్మిది కార్డులు. అట్టపెట్టె మాత్రం నిండిపోయింది.

"ఇన్ని తెలియదులా మాస్టారూ?" అన్నాను ఒకసారి.

"ఆ మాట రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. నువ్వు తొందరగా నేర్చుకో."

పదో కార్డు కూడా కొన్నాళ్ళు డబ్బాలో ఉంది. ఆ రోజు సంబరంగా అమ్మగారి చేత నాకు రెండుసార్లు కాఫీ ఇప్పించారు. వారం తిరక్కుండా షాపుకొచ్చి, పప్పుల వరసలో నిలబడి, "ఆ ఏడు ఆ తిథి బుధవారం కాదయ్యా, గురువారం. తప్పు చేశాను" అన్నారు. మొహం వాడిపోయి ఉంది. కొనడానికి వచ్చిన మినప్పప్పు కొనకుండానే వెళ్ళిపోయారు.

ఆయన పోయాక ఇక్కడి తెలుగు సంఘంవాళ్ళు ఆయన పేరు మీద సంచిక వేస్తామన్నారు. సెక్రటరీ పెట్టెలు రెండూ అడిగితే నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. సంస్మరణ సభ రోజు హాల్లో ఒక కార్డు మీద కాఫీ కప్పు పెట్టి ఉంది. ఇంకోదానికి పల్లీ చట్నీ. కార్డు తుడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత సంచిక వచ్చింది. దండ వేసిన ఫోటో, నున్నటి కాగితం, ముక్కు మూసుకునేంత సిరా వాసన. లోపల జాబితా. రెండు పెట్టెల కార్డులూ కలిపేశారు. తెలియదు అన్న మాట ఎక్కడా లేదు.

"తొమ్మిదే అంటే ఏం బాగుంటది అన్నా?" అన్నాడు సెక్రటరీ. "మొత్తం వేసినం. స్టేజ్ మీద చదివితే క్లాప్స్ ఎట్ల కొట్టిన్రో చూసినవ్ గదా."

"తెలియదు అని ఉండాలి" అన్నాను.

"పేజీ నిండా తెలియదు, తెలియదు అంటే సార్‌కే ఇన్‌సల్ట్. అయినా ప్రింట్ అయిపోయింది. మీ షాప్‌లో పెడుతున్నం, వచ్చినోళ్ళకి ఇయ్యి."

ఒక్క వారం తప్పినందుకు మినప్పప్పు మరిచిపోయిన మనిషి పేరు మీద ఇన్ని అబద్ధాలు అచ్చయ్యాయి. వాళ్ళను చూస్తే అసహ్యం వేస్తుంది. పెట్టె మోసిన నా చేతులు చూసుకుంటే ఇంకా ఎక్కువ.

సంచికలు ఇప్పుడు షాపు వెనకగదిలో, కందిపప్పు బస్తాల పక్కన ఉన్నాయి. షాపులో మీకిచ్చే ప్రతిలో నా నోటుబుక్కులోని ఈ పేజీ జెరాక్స్ మడతపెట్టి ఉంటుంది. జాబితాలో పెన్సిలుతో రాసినది నా రాత, మాస్టారి మాట. తొమ్మిది చోట్ల ఆ మాట ఉండదు. ఆ తొమ్మిదే ఆయనవి.

మొదటి ప్రతి అమ్మగారికి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పెన్సిలు రాత మీద వేలు పెట్టి, ఒక్కో వరసా చదివారు. "తెలియదు... తెలియదు..." ఏదీ వదల్లేదు.

ఇవాళ మధ్యాహ్నం నుంచి మూడు ప్రతులయ్యాయి. ఆకుల సంచి ఇంకా వాకిట్లోనే ఉంది. నాలుగోది తెరిచాను. పెన్సిలు మొన అరిగితే చెక్కి, మళ్ళీ రాస్తున్నాను: తెలియదు.