రెండుసార్లు పడిన పేరు

ఆఫీసులో ఆమెను అందరూ పేజీలక్క అనేవారు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో, మెకానిక్కుల కోసం సూచనలు రాయడం ఆమె ఉద్యోగం. ఏ మోడల్‌లో ఏ పిడి ఎటు తిప్పాలి, తెర మీద ఏ అంకె వెలిగితే ఏ తీగ చూసుకోవాలి, అంతా పదకొండేళ్లుగా ఆమె చేతి రాతే. ఆమె రాసి బటన్ నొక్కితే, బిల్డ్ చేసే సాఫ్ట్‌వేర్ ఆ రాతను వెబ్ పేజీలుగా మార్చి కంపెనీ సర్వర్‌కు పంపేది. మెకానిక్కులు వాటిని ఫోన్లలో తెరిచి చదువుకునేవారు.

ఒక సోమవారం పొద్దున్నే ఒక పెద్దవయసు మెకానిక్ ఆమెకు ఫోన్ చేశాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. లిఫ్టులో ఇద్దరు ఇరుక్కుపోయారట. అక్కడికెళ్లిన కుర్ర మెకానిక్ పేజీలో ఉన్నట్టే బ్రేకు పిడి కుడికి తిప్పితే కదల్లేదట. వాళ్లను బయటికి తీసేసరికి నలభై నిమిషాలు పట్టిందట.

"కొత్త మోడల్‌కి ఎడమకి తిప్పాలని మీరే చెప్పారు మేడమ్. మారుస్తానని కూడా అన్నారు. మూడు వారాలైంది, పేజీ ఇంకా కుడికే తిప్పమంటోంది" అన్నాడతను.

ఆమె ముఖం మాడిపోయింది. ఎందుకంటే మార్చింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు మార్చి పంపింది. తన కంప్యూటర్లో చూస్తే ఎడమ అనే ఉంది. మళ్లీ బటన్ నొక్కింది. పని పూర్తయిందని పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఫోన్లో పేజీ తెరిచింది. కుడి.

అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. సర్వర్లు చూసే ఆయన, ఫోన్లో పాత పేజీలు నిల్వ ఉండిపోతాయి, అవి తుడిచేసి చూడండి అన్నాడు. తుడిచింది. మర్నాడు మళ్లీ వెళ్తే మళ్లీ అదే చెప్పాడు, మొదటిసారి చెబుతున్నట్టు. బిల్డ్ చూసే జట్టువాళ్లు పచ్చటి అక్షరాలు చూపించి చేతులు దులుపుకున్నారు. మేనేజరు ఇద్దరినీ కూర్చోబెడతానన్నాడు కానీ ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఒకరి దగ్గరికి వెళ్తే ఇంకొకరి దగ్గరికి పంపారు. గురువారం సాయంత్రానికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. పంపిన పేజీలు పోతున్నది ఎక్కడికి? ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు.

బిల్డ్ నడిచిన ప్రతిసారీ ఆ సాఫ్ట్‌వేర్ తాను చేసినదంతా వరుసగా రాసి పెడుతుంది. దాన్ని లాగ్ అంటారు. పేజీలు సరిగ్గా చేరిన రోజుల నాటి లాగ్ ఒకటి, ఈ వారంది ఒకటి అచ్చు తీసి ఇంటికి పట్టుకెళ్లింది. రెండూ కలిపి నూటపది కాగితాలు.

ఇంట్లో ఆమె ఆడపడుచు ఉంది. భర్తకు అక్క. ప్రింటింగ్ ప్రెస్‌లో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆదివారం మధ్యాహ్నం కాగితాలు టేబుల్ నిండా పరుచుకుని కూర్చున్న మరదల్ని చూసి, అలా రెండూ ఒక్కదానివే చూస్తే కళ్లు మోసం చేస్తాయి, ఒకళ్లు పైకి చదవాలి, ఒకళ్లు వేలు పెట్టి చూడాలి అంది. కళ్లజోడు తుడుచుకుని, కొత్త లాగ్ తీసుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చుక్కలూ గీతలూ వదలకుండా చదివింది. భర్త రెండుసార్లు టీ పెట్టి ఇచ్చాడు. మూడోసారి అడగకుండానే కునుకు తీశాడు.

నలభై ఆరో కాగితం దగ్గర ఆవిడ ఆగింది.

"అమ్మాయ్, ఇక్కడ పేరు రెండుసార్లు పడింది."

పేజీలు ఏ చోటికి పంపాలో చెప్పే చిరునామా అది. పాత కాగితంలో చివర ప్రాజెక్టు పేరు ఒక్కసారే ఉంది. కొత్తదానిలో అదే పేరు, ఒక గీత, మళ్లీ అదే పేరు.

"చదవడంలో పొరపాటేమో వదినా."

"నేను చదవడంలో పొరపాటా" అని ఆవిడ కాగితం ఇటు తోసింది.

సోమవారం ఆమె తిన్నగా సర్వర్లు చూసే ఆయన దగ్గరికి వెళ్లి, పేజీలుండే ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉందేమో చూడమంది. తుడవమని చెప్పబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. చూస్తే ఉంది. నాలుగు వారాల దిద్దుబాట్లన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైన ఉన్న పాత పేజీలనే లోకమంతా చదువుతోంది.

కారణం మధ్యాహ్నానికి దొరికింది. ఆమె ప్రాజెక్టు ఒక పెద్ద ప్రాజెక్టు కింద ఉంది. చివర ఆమె ప్రాజెక్టు పేరున్న ఒకే చిరునామా పెద్దదానిలోనూ ఉండేది, ఆమెదానిలోనూ ఉండేది. తనకంటూ చిరునామా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్నే వాడుతుంది. లేకపోతే పెద్దదాని చిరునామా తీసుకుని, చివర చిన్నదాని పేరు తనంతట తానే తగిలిస్తుంది. నెల కిందట ఎవరో, రెండుచోట్లా ఒకటే ఎందుకని, చిన్నదానిలోని చిరునామా వరుస తీసేశారు.

ఎవరా అని మార్పుల జాబితా తెరిచింది. ఉన్నది తన పేరే. మేనేజరు పాత చెత్త ఏరేయమన్న రోజున తనే ఏరేసింది.

వారమంతా ఎవరెవరి మీద పళ్లు నూరిందో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. తీసిన వరుస తిరిగి పెట్టి, బటన్ నొక్కి, పేజీలో ఎడమ అని కనిపించాక, ఆ జట్లన్నిటికీ తప్పు తనదేనని ఉత్తరం రాసింది. చిరునామా మారితే పచ్చటి అక్షరాలు రాకుండా చేయమని కూడా అందులోనే అడిగింది, కాస్త ఘాటుగానే.

ఫోన్ చేస్తే మెకానిక్ పేజీ చూసి బాగుందన్నాడు. తర్వాత కొంచెం నసిగాడు. ఫోన్ సిగ్నల్ అందని చోట్ల కోసం పాత పేజీ అచ్చు తీసి, కొత్త మోడల్ ఉన్న తొమ్మిది భవనాల్లో లిఫ్టు మోటారు గదుల తలుపులకు అంటించారట.

వాటిని పీకేయడానికి ఆమె రెండు శనివారాలు అతని వెంట తిరిగింది. సర్వీసు కోసం లిఫ్టు ఆపేస్తారు కాబట్టి ప్రతిచోటా మెట్లే దిక్కు. నాలుగో భవనం దగ్గర మోకాళ్లు మొరాయించాయి.

"మీరు కింద కూర్చోండి మేడమ్, నేను పీకేసి వస్తాను" అన్నాడు మెకానిక్.

"వరుస పీకింది నేను. ఇదీ నేనే పీకుతాను, పదండి" అందామె.

ఎనిమిది చోట్ల కాగితం ఊడి వచ్చింది. తొమ్మిదోచోట ఎవరో శ్రద్ధగల మనిషి దాన్ని అద్దం కింద పెట్టి నాలుగు మూలలా మరలు బిగించాడు. పాత మరలేమో, తుప్పు పట్టి కదల్లేదు. ఆమె సంచిలోంచి నల్ల మార్కర్ తీసి, అద్దం మీదే కుడి కొట్టేసి ఎడమ అని పెద్దక్షరాలతో రాసి, తేదీ వేసింది.