బావగారి రౌండబౌట్

మా ఇంటికి దగ్గర్లో నాలుగు రోడ్లు కలిసే చోట ఉన్న స్టాప్ సైన్‌లన్నీ ఈ వేసవిలో పీకేసి, మధ్యలో గుండ్రంగా ఓ దిమ్మె కట్టి, దాని మీద నాలుగు పూలమొక్కలు నాటి రౌండబౌట్ చేశారు. అందులోకి ఎలా దూరాలో, దూరాక ఎలా బయటపడాలో మా ఊరివాళ్లకి ఇంకా అంతుపట్టలేదు. నిన్న కూరగాయలు కొనుక్కుని వస్తూ నేనూ దూరాను. నా దారి వచ్చింది, తిప్పలేదు. ఇంకో చుట్టు తిరిగాను. పక్క సీట్లో ఉన్న మా ఆవిడ, "ఏవండీ, ఎగ్జిట్ మిస్ అయిపోయారు, నిద్రపోతున్నారా?" అంది. "బావగారు గుర్తొచ్చారు" అన్నాను. ఆవిడ మూడో చుట్టు కూడా తిరగనిచ్చింది.

బావగారంటే మా అక్కయ్య భర్త. ఇల్లినాయ్ రాష్ట్రంలో షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఉండేవారు. వృత్తిరీత్యా రోడ్ల ఇంజనీరు. గుంటూరు జిల్లాలో సైకిలు మీద తిరిగి గుంతలు లెక్కపెట్టిన ఉద్యోగంతో మొదలై, ఇల్లినాయ్‌లో కౌంటీ రోడ్ల ఆఫీసులో రిటైరయ్యారు. దారిలో కొత్త కల్వర్టు కనిపిస్తే చాలు, కారు ఆపి దిగి దాని కిందకి తొంగి చూసే రకం. పెళ్లికి వెళ్తున్నా అంతే, పట్టుపంచె ఎగ్గట్టి మరీ తొంగి చూసేవారు. ఇల్లినాయ్ రోడ్లంటే మాత్రం ఆయనకి మహా చిరాకు. "స్కేలు పెట్టి గీత గీయడానికి మాస్టర్స్ డిగ్రీ దేనికిరా? ఒక్క కొండ లేదు, ఒక్క వంపు లేదు. ఫ్రాన్స్‌లో సౌత్‌కి వెళ్లి చూడు, రోడ్డంటే ఏమిటో తెలుస్తుంది" అనేవారు. ఆయనా వెళ్లి చూసిందేమీ లేదు. ఇంట్లో సైకిలు తొక్కుకునేవాళ్ల కోసం అమ్మే డీవీడీలు తెప్పించి బేస్‌మెంట్‌లో చూశారు, అంతే. సైకిలు వెనకచక్రాన్ని ఓ ఇనుప స్టాండుకి బిగించేవారు. ఎంత తొక్కినా బండి కదలదు. ఎదురుగా టీవీలో మాత్రం ద్రాక్షతోటలూ, పొద్దుతిరుగుడు చేలూ, రెండువైపులా చెట్లు కమ్మిన రోడ్లూ కదులుతుంటాయి. కొండ ఎక్కితే రాతి ఇళ్ల ఊరు, దిగితే ఏరు, ఏటి మీద వంతెన. రిటైరయ్యాక అక్కయ్యతో వెళ్లి ఆ రోడ్లన్నీ తొక్కాలని ఆయన ప్లాను. మాటలుండని ఆ డీవీడీల్లో ఒకటే అకార్డియన్ సంగీతం. పైన వంటింట్లోంచి అక్కయ్య, "ఆ హార్మోనియం ఆపండి బాబూ, తల తిరిగిపోతోంది!" అని కేకేసేది.

రిటైరయ్యారు. ఆ ఏడే పార్కిన్‌సన్స్ జబ్బు అన్నారు డాక్టర్లు. రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో మాట. చేతి వణుకు కాదు ఆయన్ని దెబ్బతీసింది, నడక. గది తలుపు దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకి అతుక్కుపోయేవి. మనిషి లోపలినుంచి తోస్తూనే ఉంటాడు, కాలు లేవదు. నేల మీద అడ్డగీతలుంటే వాటిని దాటడానికి కాలు లేస్తుందని ఎవరో చెబితే, అక్కయ్య ఇల్లంతా నీలం రంగు టేపు అంటించింది. బావగారు వాటిని ఎగాదిగా చూసి, "ఈ జీబ్రా క్రాసింగ్ వేసిన కాంట్రాక్టర్ ఎవరే? స్పేసింగ్ ఒక్కటీ సరిగ్గా లేదు" అన్నారు. మేమందరం నవ్వాం. ఆయన గీత దాటలేక అక్కడే నిలబడిపోయారు. నవ్వు ఆపేసి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

ఓ రోజు అక్కయ్యా నేనూ కలిసి ఆయన్ని బేస్‌మెంట్‌లోని ఆ సైకిలెక్కించాం, సరదాకి. ఎక్కించడానికి నానా తంటాలూ పడ్డాం. పెడలు మీద పాదం పెట్టి ఒక్కసారి తిప్పామో లేదో, కాళ్లు వాటంతటవే తిరగడం మొదలెట్టాయి. మునుపటిలాగే, జంకూ గొంకూ లేకుండా. అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టర్‌ని అడిగితే, కొందరిలో అలా ఉంటుంది, నడవలేరు గానీ తొక్కగలరు, ఎన్నాళ్లు తొక్కగలరో మాత్రం చెప్పలేం అన్నాడట. ఆ చలికాలమంతా, బయట మంచు మోకాళ్ల లోతు పడుతుంటే, బావగారు బేస్‌మెంట్‌లో ఫ్రాన్స్ ఎండలో ఉండేవారు. చిక్కల్లా దిగేటప్పుడే. డీవీడీ అయిపోతుంది, అకార్డియన్ ఆగుతుంది, ఆయన దిగరు. "అన్నం చల్లారిపోతోంది, దిగండి" అని అక్కయ్య బతిమాలుతుంది. "ఇంకొక్కసారి మొదట్నించీ పెట్టవే" అంటారు. దిగితే మళ్లీ రోగి అయిపోతారు మరి. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అక్కయ్య మళ్లీ ప్లే నొక్కేది.

వసంతం వచ్చేసరికి ఆయన ఫ్రాన్స్‌కి టికెట్లు బుక్ చేసేశారు, ముగ్గురికీ. నేను కారులో వెనకాల రావాలట. అక్కయ్య నెత్తీ నోరూ బాదుకుంది. "తొక్కుతారు సరే, ఆగినప్పుడో? కాలు కింద పెట్టలేరు, దబ్బున పడతారు!" బావగారి దగ్గర దానికీ జవాబుంది. "ఈ దేశంలో అడుగడుక్కీ స్టాప్ సైన్‌లు, ఆగాలి. అక్కడన్నీ రౌండబౌట్‌లే. మీ తమ్ముడు కారు ఆపి దిగి వచ్చిందాకా చుట్టూ తిరుగుతూ ఉంటా. వాడొచ్చి పట్టుకుంటాడు, దిగుతా. సింపుల్!" ఇంజనీరింగ్ లెక్కన అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే వెళ్లాలని ఆయన తొందర. చివరికి అక్కయ్య ఓ షరతు పెట్టింది. ఇల్లినాయ్‌లో కొండలంటూ ఉన్నది గలీనా అనే ఊరి వైపే కాబట్టి ముందు అక్కడ తొక్కాలి. ఒక్కసారి కూడా పడకుండా తిరిగొస్తే ఫ్రాన్స్. పడితే టికెట్లు క్యాన్సిల్.

అలా ఓ శనివారం పొద్దున్నే కారు వెనక సైకిలు కట్టుకుని, అక్కయ్య చేసిచ్చిన పులిహోరతో గలీనా వెళ్లాం. అక్కయ్య రాలేదు. "నేను చూడలేనురా" అంది. ఊరు దాటాక నిజంగానే కొండలు, పచ్చిక బయళ్లు, వంపులు తిరిగే సన్నటి రోడ్లు. ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి నేర్పినట్టు వెనకనుంచి పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలేశాను. అంతే, దూసుకుపోయారు. నేను పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి, కారెక్కి, ఆయన్ని దాటి, తరవాతి స్టాప్ సైన్ దగ్గర దిగి, చేతులు చాచి నిలబడాలి. ఆయన వచ్చి నా చేతుల్లో ఆగుతారు. మళ్లీ తోయాలి, మళ్లీ పరుగు. నాకు సైకిలంటేనే పడదు, ఆ వేళ తొక్కినవాడికంటే నేనే ఎక్కువ ఆయాసపడ్డాను. ఓ మలుపులో పక్కనుంచి వెళ్తుంటే బావగారు, "బ్యాంకింగ్ చూశావట్రా, మలుపులో రోడ్డుని లోపలికి ఎలా వాల్చాడో? ఎవడో బుద్ధున్నవాడు వేశాడు ఈ రోడ్డు!" అని అరిచారు. వణుకుతున్న మనిషి గొంతు కాదది. నేను అక్కయ్యకి ఫోన్ చేసి, "సూట్‌కేసులు దించవే" అన్నాను.

మధ్యాహ్నం పులిహోర తిని మళ్లీ బయల్దేరదీశాను. ఆయన కొండ దాటి కిందకి దిగారు. నేను కారు తీసేలోగా పక్క పొలంలోంచి గడ్డిమోపుల బండి తగిలించుకుని ఓ ట్రాక్టరు రోడ్డెక్కింది. సన్నటి రోడ్డు, వరసగా గుడ్డి మలుపులు, దాటడానికి వీల్లేదు. హారన్ కొడితే ఆ ట్రాక్టరు పెద్దమనిషి వెనక్కి తిరిగి ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. ముందు స్టాప్ సైన్ ఉంది. అక్కడ నేను లేను. స్టీరింగ్ పట్టుకుని "దేవుడా, దేవుడా" అనుకుంటూ కూర్చున్నాను. చేయగలిగింది ఇంకేమీ లేదు.

చివరికి ఆ నాలుగు రోడ్ల కూడలి చేరాను. రోడ్డు మీద ఆయన లేరు. మూలన ఓ తెల్ల చర్చి, దాని ముందు ఖాళీ పార్కింగ్ లాటు. ఆ లాట్లో బావగారు చుట్టూ తిరుగుతున్నారు. రౌండబౌట్ లేని చోట తనే ఒకటి వేసుకున్నారు. పూలకుండీలకి నీళ్లు పోస్తున్న పెద్దావిడ ఒకరు ఆయన ముందునుంచి వెళ్లినప్పుడల్లా చెయ్యి ఊపుతోంది. ఆయనా నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు. నాకు నవ్వొచ్చింది. హమ్మయ్య, లెక్క కుదిరింది, ఫ్రాన్స్ ఖాయం అనుకున్నాను. దగ్గరికి పరిగెత్తాక ముఖం కనిపించింది. చొక్కా తడిసి ముద్దయింది. కాళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, పెదవులు పాలిపోయాయి. పట్టుకున్నాను. పడలేదు. నా భుజం మీద వాలిపోయారు, అంతే.

ఆయన్ని కారెక్కించి ఇంటి దారి పట్టాను. "ఆ పెద్దావిణ్ణి పిలవకపోయారా బావగారూ, వచ్చి పట్టుకునేది కదా" అన్నాను. "ఏమని పిలవనురా? ఆగలేకపోతున్నాను, కాస్త ఆపండి అనా?" అన్నారు. మళ్లీ తనే, "నువ్వు రావేమో అనుకున్నాను" అన్నారు. ఇంకాసేపటికి, "టికెట్లు క్యాన్సిల్ చెయ్యి" అన్నారు. మీరు పడలేదు కదా, అక్కయ్య షరతు గెలిచారు కదా అని వాదించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కల్వర్టులొచ్చాయి, ఆపమనలేదు. ఇంటికొచ్చేసరికి అక్కయ్య గుమ్మంలోనే ఉంది. "పడ్డారా?" అంది. "పడలేదు." "మరి?" అంది. "టికెట్లు క్యాన్సిల్ చెయ్యమన్నారు" అన్నాను. వద్దు వద్దని అన్నాళ్లు పోరుపెట్టిన మనిషి, ఫ్రాన్స్ కోసం కొనుక్కున్న గడ్డి టోపీ ఒళ్లో పెట్టుకుని ఆ సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

తరవాతి చలికాలానికి కాళ్లు సైకిలు మాట కూడా వినడం మానేశాయి. డీవీడీ మాత్రం ఆయన వాలుకుర్చీలో కూర్చుని చూసేవారు. అక్కయ్యే పక్కన కూర్చుని హార్మోనియం వినేది. తెర మీద రౌండబౌట్ వచ్చినప్పుడు బావగారి చూపుడువేలు కుర్చీ చేతి మీద చిన్నగా సున్నా చుట్టేది. ఆ వేలు కూడా ఆగిపోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది.

నిన్న మూడో చుట్టయ్యాక ఇండికేటర్ వేసి ఇంటి దారికి తిప్పాను. చర్చి ముందు ఎన్ని చుట్లు తిరిగారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇన్నేళ్ల తరవాత ఇప్పటికీ నా తలపుల్లో ఆయన అక్కడే తిరుగుతుంటారు, నేను ఎంత తొందరగా బయల్దేరినా సరే, ఆ ట్రాక్టరు వెనక పోయిన కాసిని నిమిషాలూ ఆలస్యంగానే చేరుకుంటాను.